బరంపురం పిల్లలు, లెక్కల కొత్త చదువు: వెనకున్న కథ

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి తెలుగు ఇళ్లలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ అంటే బీఈడీ, ఆ తర్వాత టీచరు ఉద్యోగం. ఇప్పుడు అవే ఇళ్ల పిల్లలు కంప్యుటేషనల్ మ్యాథమెటిక్స్‌లో, అంటే కంప్యూటర్‌తో పెద్ద లెక్కలు తేల్చే విద్యలో, ప్రొఫెషనల్ మాస్టర్స్ చేస్తామంటున్నారు. అంత ఫీజు కట్టి ఏం నేర్చుకుంటావని పెద్దవాళ్లు అడగడం న్యాయమే.

ఈ విద్య కంప్యూటర్‌తో పాటే పెరిగింది. యంత్రం ప్రతి సంఖ్యనూ కొన్ని అంకెల దగ్గర కత్తిరిస్తుంది. వరుసల్లో, నిలువుల్లో సంఖ్యలు పేర్చిన పట్టికే మాత్రిక. పెద్ద మాత్రికకు విలోమం కనుక్కునేటప్పుడు ఆ కత్తిరింపుల వల్ల జవాబు ఎంత తప్పవచ్చో 1947లో గణితవేత్తలు వాన్ నాయ్‌మన్, గోల్డ్‌స్టైన్ విశ్లేషించారు. 1953లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ ఈ విద్యలో డిప్లొమా కోర్సు పెట్టింది. పరిశోధన కోసం కాక ఉద్యోగం కోసమే సైన్స్‌లో మాస్టర్స్ అన్న పద్ధతి అమెరికాలో 1997 నుంచి స్లోన్ ఫౌండేషన్ అనే దాతృత్వ సంస్థ సాయంతో ఊపందుకుంది. థీసిస్ బదులు ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్. పీహెచ్‌డీ వాళ్లకు దొరికే స్టైపెండ్ ఇందులో సాధారణంగా ఉండదు. పెద్దవాళ్ల బెంగకు మూలం అక్కడే ఉంది.

మన డిగ్రీల్లోనూ న్యూమరికల్ ఎనాలిసిస్ పేపరు ఉంది. అంచనా జవాబును మళ్లీమళ్లీ సరిచేసుకుంటూ పోయే గాస్-సైడల్ పద్ధతిలో మూడు సమీకరణాలు, క్యాలిక్యులేటర్‌తో నాలుగు దశాంశాల వరకు, మార్కులు వచ్చేస్తాయి. అసలు పని మొదలయ్యేది లక్ష సమీకరణాల దగ్గర. ఆ సమీకరణాల మాత్రికలో లక్ష వరుసలు, లక్ష నిలువులు, అంటే వెయ్యి కోట్ల గళ్లుంటాయి. గడికి 8 బైట్ల చొప్పున అన్నీ దాచాలంటే 80 జీబీ మెమరీ కావాలి, మామూలు ల్యాప్‌టాప్ అంత మోయలేదు. అయితే వంతెన బలం, గాలి ప్రవాహం లాంటి లెక్కల్లో ఆ గళ్లు చాలావరకు సున్నాలే. సున్నాలను వదిలేసి మిగిలినవే దాచడం, వాటితోనే లెక్క నడపడం ఈ కోర్సులో నేర్పే పని. పేపరు మనకు ఎప్పటినుంచో ఉంది, దాన్ని ల్యాబుదాకా తీసుకెళ్లలేదు. నాకు బాధ కలిగించేది అదే.

ఇక సరిహద్దు గొడవ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడటంతో బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయింది. 1974 నాటి ప్రవేశాల ఉత్తర్వు ఆంధ్రప్రదేశ్ యూనివర్సిటీల్లో 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించింది. ఇంట్లో తెలుగు మాట్లాడినా, చదువు ఒడిశాలో సాగిన పిల్ల అక్కడ స్థానికురాలు కాదు. పక్కనే ఉన్న విశాఖ ఆ లెక్కన దూరమైంది.

ఎమ్మెస్సీ సీట్ల కోసం 2004-05 నుంచి ఐఐటీలు నడుపుతున్న జామ్ ప్రవేశ పరీక్షకు ఈ స్థానికత పట్టదు. 1999లో ఒడిశా ప్రభుత్వం భువనేశ్వర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటిక్స్ అండ్ అప్లికేషన్స్ పెట్టింది. 2016లో బరంపురానికే ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ వచ్చింది. విదేశీ ప్రొఫెషనల్ కోర్సుకు బ్యాంకు లోను తీసుకునే ముందు ఇంట్లో వాళ్లంతా కూర్చుని ఐఐటీలు, భువనేశ్వర్ ఇన్‌స్టిట్యూట్, ఐసర్‌ల ఫీజులూ సిలబస్‌లూ ఒకసారి చూడాలి.