ఎర మీద ఎలుగు వేట, కుక్కలతో ఎలుగు వేట: గైడ్‌కి అడ్వాన్స్ కట్టే ముందు వదిలించుకోవాల్సిన అపోహలు

మాది ఉద్దానం వైపు. చిన్నప్పుడు పొద్దుగూకితే జీడితోటలోకి వెళ్లనిచ్చేవాళ్లు కాదు, ఎలుగు ఉంటుందని. అలాంటివాణ్ణి ఇప్పుడు అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న గైడ్‌గా ఎలుగు వేటకు మనుషుల్ని తీసుకెళ్తున్నాను, ఇది పదకొండో సీజన్. ఈమధ్య బోస్టన్ నుంచి, న్యూజెర్సీ నుంచి మనవాళ్లు కూడా ఫోన్ చేస్తున్నారు. అడిగేవాళ్లు మారుతున్నారు కానీ అపోహలు మాత్రం అవే, అందుకని ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందుగా ఒక మాట. ఇదంతా అమెరికా నల్ల ఎలుగు గురించి. మన అడవుల్లో ఉండేది వేరే జాతి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది, దాన్ని వేటాడితే జైలే. ఇక్కడ మెయిన్‌లో ఎలుగులు బాగా ఉన్నాయి, రాష్ట్రమే సీజన్ పెట్టి, పర్మిట్లు ఇచ్చి వేట నడిపిస్తుంది.

అపోహ: అమెరికాలో ఎక్కడైనా ఎర పెట్టొచ్చు, ఎక్కడైనా కుక్కల్ని వదలొచ్చు.

అస్సలు కాదు. కొలరాడో 1992లో, ఒరెగాన్ 1994లో, వాషింగ్టన్ 1996లో ప్రజల ఓటుతో రెండు పద్ధతుల్నీ ఆపేశాయి. కాలిఫోర్నియా 2012లో కుక్కలతో వేటను నిషేధించింది. మోంటానాలో ఎర ఇప్పటికీ నేరమే, కానీ కుక్కలకు 2021లో కొన్ని ప్రాంతాల్లో అనుమతి వచ్చింది. మెయిన్‌లో 2004లో ఒకసారి, 2014లో ఇంకోసారి నిషేధం పెట్టాలా అని ఓటింగ్ జరిగింది, రెండుసార్లూ జనం వద్దన్నారు. ఐడహోలో చాలా చోట్ల రెండూ నడుస్తాయి. కాబట్టి స్నేహితుడు ఎక్కడో వెళ్లొచ్చాడని అదే పద్ధతి మీ రాష్ట్రంలో ఉంటుందని అనుకోకండి, ఆ ఏడాది రూల్సు పుస్తకం తెరిచి చూసుకోండి.

అపోహ: ఎర వేశాక ఎలుగు రాక ఎక్కడికి పోతుంది?

రాకపోవచ్చు. ఈ మాట చెప్పని గైడ్‌ని నమ్మకండి.

మెయిన్‌లో సీజన్ ఆగస్టు ఆఖరి సోమవారం మొదలవుతుంది, ఎర దానికి 30 రోజుల ముందు నుంచి వేసుకోవచ్చు, ఎర మీద వేట నాలుగు వారాలు. ఆ నెల రోజులూ మేం రోజు విడిచి రోజు బకెట్లు మోస్తూనే ఉంటాం. పాత డోనట్లు, బ్రెడ్డు, బెల్లప్పాకం లాంటి మొలాసిస్, హోటళ్లలో వాడేసిన నూనె. ఆ నూనెకు ఒక పని ఉంది, ఎలుగు అందులో కాలు పెట్టి వెళ్తే అది నడిచిన దారంతా వాసన అంటుకుంటుంది, ఆ జాడ పట్టుకుని ఇంకో ఎలుగు వస్తుంది. ఇంత చేసినా, అడవిలో బీచ్ (beech) అనే చెట్ల కాయలు, అంటే ఎలుగులు ఇష్టంగా తినేవి, విరగకాసిన ఏడాది మా డోనట్లను పట్టించుకునే ఎలుగే ఉండదు. ఇక్కడ బీచ్ కాపు దాదాపుగా ఒక ఏడాది ఉంటే ఒక ఏడాది ఉండదు. బుక్ చేసే ముందు "ఈ ఏడు అడవిలో కాపు ఎలా ఉంది?" అని అడగండి. సూటిగా జవాబు చెప్తే ఆ మనిషి అడవిలో తిరుగుతున్నట్టు.

ఎరలో ఏం వేస్తారో కూడా అడగాలి. 2014లో పక్కనున్న న్యూహ్యాంప్‌షైర్‌లో ఒక ఎర దగ్గర నాలుగు ఎలుగులు చచ్చిపడి కనిపించాయి, పరీక్ష చేస్తే చాక్లెట్‌లో ఉండే థియోబ్రోమిన్ విషంలా పనిచేసిందని తేలింది. ఆ రాష్ట్రం తర్వాత ఎరలో చాక్లెట్‌ని నిషేధించింది. చవగ్గా దొరికిందని చాక్లెట్ పోసేవాళ్లతో నేను పనిచెయ్యను.

అపోహ: ఎర దగ్గర మంచె మీద కూర్చుని కాల్చడం, కుక్కలు తరిమితే చెట్టెక్కినదాన్ని కాల్చడం, ఇదీ ఒక వేటేనా?

ఈ ప్రశ్న మనసులో ఉన్నవాళ్లు మంచివాళ్లే, అందుకే దీనికి కాస్త వివరంగా చెప్పాలి.

మెయిన్‌లో దాదాపు 90 శాతం అడవే. ఆగస్టులో ఆకు దట్టంగా ఉంటుంది, ముప్ఫై గజాల అవతల ఏముందో కనపడదు. అలాంటి చోట నడుచుకుంటూ వెతికితే ఎలుగు నల్లటి మచ్చలా ఒక్క క్షణం కనపడుతుంది. అది మగదా ఆడదా, వెనక పిల్లలున్నాయా, ఏమీ తెలియదు. ఎర దగ్గర, చెట్టు కింద మనకు దొరికేది చూడ్డానికి టైము. ఐదు నిమిషాలు, పది నిమిషాలు నింపాదిగా చూసి, వద్దనుకుంటే తుపాకీ దించేయొచ్చు. ఈ రెండు పద్ధతుల్లో నేను గౌరవించేది ఇదే. ఏ గైడ్ అయితే ఆ టైమును మీ దగ్గర్నుంచి లాగేసుకుంటాడో, "కాల్చు కాల్చు" అని చెవిలో తొందరపెడతాడో, వాడి దగ్గర ఈ పద్ధతికి అర్థమే పోతుంది.

ఇది నేను కళ్లారా చూశాను. నేను హెల్పర్‌గా చేరిన మొదటి ఏడాది, ఒక క్యాంపులో, వారంలో ఆఖరి సాయంత్రం, వెలుతురు పోతున్న టైములో గైడ్ తొందరపెట్టాడు, కస్టమర్ కాల్చాడు. తూటా తగలాల్సిన చోట కాకుండా ఎలుగు ఒంటికి వెనక వైపున తగిలింది. ఎలుగుకు దట్టమైన బొచ్చు, దాని కింద మందపాటి కొవ్వు, గాయం పూడుకుపోయి నేల మీద రక్తపు చుక్క సరిగ్గా కనపడదు. రాత్రంతా టార్చిలైట్లతో వెతికాం. మర్నాడు పదింటికి దొరికింది, మాంసం అప్పటికే పాడైపోయింది. అది ఆడది. ఆ కస్టమర్ దాని పక్కన కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అపోహ: ఎర డ్రమ్ము దగ్గరికి వచ్చింది, పెద్దగా ఉంది, ఇక కాల్చేయొచ్చు.

మొదటిసారి చూసేవాళ్లకి ప్రతి ఎలుగూ పెద్దగానే కనిపిస్తుంది, గుండె అలా కొట్టుకుంటుంది మరి. చెవులు చూడండి. చెవులు తలకి పెద్దవిగా, నిక్కపొడుచుకుని కుక్క చెవుల్లా ఉంటే అది కుర్ర ఎలుగు. చెవులు చిన్నగా, పక్కలకి దూరంగా కనిపిస్తే పెద్దది. మేం ఎరను 200 లీటర్ల ఇనప డ్రమ్ములో పెట్టి చెట్టుకు గొలుసు వేస్తాం. అది నిలబెడితే దాదాపు మూడడుగులు. నాలుగు కాళ్ల మీద నిలబడ్డ ఎలుగు వీపు డ్రమ్ము పైఅంచుకు వచ్చిందంటే అది నిజంగా పెద్దదే.

ఒంటరిగా వచ్చింది కదా అనుకోవడం ఇంకో పొరపాటు. పిల్లతల్లి చాలాసార్లు పిల్లల్ని దూరంగా చెట్టెక్కించి ముందు తానొక్కతే వస్తుంది. అందుకే నా కస్టమర్లకి ఒకటే చెప్తాను, అది తినడం మొదలుపెట్టాక కూడా ఆగండి, అది ఎటు తిరిగి చూస్తోందో ఆ దిక్కు చూడండి. ఐడహోలో పిల్లతల్లిని కాల్చడం చట్టమే ఒప్పుకోదు. చట్టం ఏం చెప్పినా మంచి గైడ్ దాన్ని కాల్చనివ్వడు.

అపోహ: కుక్కలుంటే మనకి పనేముంది, అవే పట్టేస్తాయి.

కుక్కల వేట ఒంటికి చాలా కష్టం. తెల్లవారుజామున బండి మీద ఒక ముదురు కుక్కను నిలబెట్టి మట్టిరోడ్ల మీద నెమ్మదిగా పోతాం. ముక్కు పైకెత్తి గాలి పీల్చి అది ఒక్కసారిగా గొంతెత్తితే దిగి జాడ చూస్తాం. మట్టిలో పెద్ద అడుగు పక్కన అరచేతిలో పట్టేంత చిన్న అడుగులు కనిపిస్తే కుక్కల్ని బండిలోంచి దించకుండానే వెళ్లిపోతాం. మంచి ఎలుగు జాడ అయితే వదులుతాం, మెయిన్‌లో ఒకసారికి ఆరు కుక్కలకు మించకూడదు. ఆ తర్వాత మెడకున్న జీపీఎస్ పట్టీ చూపించిన వైపు మన పరుగు, దేవదారు చెట్ల బురదలో, పడిపోయిన దుంగల మీదుగా, గంటో, ఒక్కోసారి రోజంతానో. కొన్ని ఎలుగులు చెట్టెక్కవు, నేల మీదే తిరగబడతాయి, అప్పుడు కుక్కలకు దెబ్బలు తగులుతాయి. ఇది దాచిపెట్టి అమ్మేవాళ్లున్నారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, మెట్లెక్కితే ఆయాసం వచ్చేవాళ్లు ఎర వేటకే రండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

కుక్కలు ఎలుగును చీల్చేస్తాయన్న మాట కూడా తప్పు. ప్లాట్, వాకర్, బ్లూటిక్ లాంటి జాతుల పని మొరుగుతూ వెంటపడి చెట్టెక్కించి, కిందే నిలబడి మనకి కబురు చెప్పడం. కాల్చే ముందు ప్రతి కుక్కనూ దూరంగా తీసుకెళ్లి కట్టెయ్యాలి. "కుక్కల్ని కట్టకుండా కాల్పిస్తారా?" అని ఫోన్‌లోనే అడగండి. అవునంటే అక్కడితో ఆ ఫోన్ పెట్టేయండి.

పోయినేడు అక్టోబరులో ఒక పెద్దాయన రెండు గంటలు బురదలో పడి లేచి చెట్టు దగ్గరికి చేరాడు. పైన ఉన్నది ఆడది, పాలిస్తున్నట్టు తెలుస్తోంది. ఆయన దుర్భిణీలోంచి చూసి, నాకిచ్చి, "దిగనిద్దాం బాబూ" అన్నాడు. కుక్కల్ని కట్టి, బండి దాకా లాక్కొచ్చి, ఒక పావుగంట దూరంగా నిలబడ్డాం. అది చెట్టు వెనక వైపు నుంచి గోళ్లతో బెరడు రాలుస్తూ జారి, అడవిలో కలిసిపోయింది. ఆ సీజన్‌లో నాకు బాగా గుర్తున్న రోజు అదే.

అపోహ: గ్యారంటీ ఇచ్చేవాడే మంచి గైడ్.

గ్యారంటీ ఇచ్చేవాడికి, ఏదో ఒకటి మీ చేత కాల్పించాల్సిన అవసరం ఉంటుంది. లైసెన్సు నంబరు అడగండి, మెయిన్‌లో గైడ్ల లైసెన్సు 1897 నుంచి ఉంది, మొదటిది తీసుకున్నది కార్నీలియా క్రాస్బీ అనే మహిళ. బయటి రాష్ట్రం వాళ్లు ఇక్కడ కుక్కలతో వేటాడాలంటే గైడ్ పక్కన ఉండాల్సిందే. పాత కస్టమర్ల నంబర్లు ఇస్తారు కదా, వాళ్లలో ఎలుగు దొరకని ఇద్దరి నంబర్లు ప్రత్యేకంగా అడిగి వాళ్లతో మాట్లాడండి. అసలు సంగతి వాళ్ల దగ్గరే తెలుస్తుంది.

అపోహ: హెచ్1బీ వాళ్లు తుపాకీ ముట్టుకోకూడదు.

మామూలుగా అది నిజమే, నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం తుపాకీ వద్దంటుంది, అరువు తెచ్చుకున్నదైనా సరే. కానీ చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు ఉంటే ఆ నిషేధం వర్తించదు. రాష్ట్రాల రూల్సు వేరేగా ఉంటాయి, వీసాతో చెలగాటం వద్దు, ఒకసారి లాయర్‌ని అడిగాకే రండి.

అపోహ: మాంసం ఫ్రీజర్‌లో పెడితే పురుగు చచ్చిపోతుంది.

చావదు. ఎలుగు మాంసంలో ట్రైకినెల్లా అనే పురుగు ఉండొచ్చు, చల్లటి ప్రాంతాల రకం గడ్డకట్టినా బతుకుతుంది. 2022లో సౌత్ డకోటాలో బంధువులంతా కలిసిన చోట, 45 రోజులు ఫ్రీజర్‌లో ఉంచిన ఎలుగు మాంసంతో కబాబ్‌లు చేసుకుంటే ఆరుగురికి జబ్బు చేసింది, వాళ్లలో ఇద్దరు ఆ మాంసంతో కలిపి వండిన కూరగాయలు మాత్రమే తిన్నవాళ్లు. లోపల 74 డిగ్రీల సెల్సియస్ వచ్చేదాకా ఉడకాలి, థర్మామీటర్ గుచ్చి చూడాలి. మన పద్ధతిలో అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి వేసి కుక్కర్‌లో మెత్తగా ఉడికిస్తే చాలా బాగుంటుంది, మా క్యాంపులో అమెరికన్లు అడిగి మరీ వేయించుకుంటారు. తోలు, గోళ్లు ఇండియాకి పట్టుకెళ్దామనుకోకండి, ఇది సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్న జంతువు, విమానాశ్రయంలో ఇరుక్కుంటారు.

మంచి గైడ్ల డైరీ చలికాలంలోనే నిండిపోతుంది. ఆగస్టుకి రావాలనుకుంటే వేటలో జాగ్రత్తలు నేర్పే హంటర్ సేఫ్టీ కోర్సు ఇప్పుడే మొదలుపెట్టి, జనవరిలోపు ఫోన్లు చెయ్యండి.