స్పాక్ మెదడుకు అంటిన అప్రదిష్ట

"మెదడా, మెదడా! మెదడంటే ఏమిటి?" అని విసుక్కుంటుంది కారా అనే స్త్రీ. స్పాక్ మెదడును దొంగిలించిన మనిషి తనే. అమెరికా టెలివిజన్ సైన్స్ ఫిక్షన్ ధారావాహిక ‘స్టార్ ట్రెక్’ను ఎగతాళి చేయాలనుకున్నవాళ్లకు అర్ధ శతాబ్దానికి పైగా ఈ ఒక్క మాట చాలింది. 1968 సెప్టెంబరు 20న ఎన్‌బీసీ చానల్ ప్రసారం చేసిన ‘స్పాక్స్ బ్రెయిన్’ ఎపిసోడ్‌లోదా మాట. ఆ ధారావాహికలోకెల్లా నాసిరకం ఏదని అడిగితే వీరాభిమానులు సైతం తడుముకోకుండా దీని పేరే చెబుతారు.

కథ వింటే వాళ్లను తప్పుపట్టలేం. ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌకలో కారా ఉన్నట్టుండి ప్రత్యక్షమవుతుంది. చేతి కడియం నొక్కి అందరినీ స్పృహ తప్పిస్తుంది. తేరుకునేసరికి నౌకలో రెండో అధికారి స్పాక్ పుర్రెలో మెదడు ఉండదు. దేహాన్ని ఒక్క రోజుకు మించి నిలపలేనంటాడు డాక్టర్ మెకాయ్. నౌక సిగ్మా డ్రకోనిస్ నక్షత్రం చుట్టూ తిరిగే ఆరో గ్రహానికి వెళ్తుంది. అక్కడ పైన మంచులో మగవాళ్లు, భూగర్భ నగరంలో ఆడవాళ్లు. ఆ నగరానికి గాలి, వెచ్చదనం అందించే యంత్రాన్ని నడుపుతున్నది స్పాక్ మెదడే. ఈలోగా అతని దేహాన్ని రిమోట్ కంట్రోల్‌తో నడిపిస్తుంటారు. మీట నొక్కగానే టిక్కుమనే చప్పుడు, స్పాక్ ఒక అడుగు. మళ్లీ టిక్కు, మరో అడుగు. చివర్లో మెదడు తిరిగి అమర్చే శస్త్రచికిత్స సాగుతున్నా అతని జుట్టు దువ్విన పాపిడి చెదరదు. స్పాక్‌గా నటించిన లియొనార్డ్ నిమోయ్ ఈ చిత్రీకరణ సాగినన్నాళ్లూ సిగ్గుపడ్డానని తరవాత రాసుకున్నాడు.

అయితే ఈ ఎపిసోడ్‌కు చెడ్డపేరు రావడంలో కథది సగం పాత్రే. మిగతా సగం అంతకుముందు నెలల్లో జరిగింది. 1967 చివర్లో ధారావాహికను ఆపేస్తారన్న వార్త పొక్కింది. బీజో ట్రింబుల్, జాన్ ట్రింబుల్ దంపతులు ముందు నిలిచి ఉత్తరాల ఉద్యమం నడిపారు. ఉత్తరాలు ఎంతగా వచ్చి పడ్డాయంటే, 1968 మార్చి 1న ఒక ఎపిసోడ్ అయిపోగానే, ధారావాహిక కొనసాగుతుందని ఎన్‌బీసీ తెరమీదే ప్రకటించాల్సి వచ్చింది. సోమవారం సాయంత్రం 7.30 గంటల వేళ ఇస్తామన్నారు. ఆ రోజు హాస్య కార్యక్రమం ‘లాఫ్-ఇన్’ జోరుమీద ఉంది. దాన్ని కదపడానికి వీల్లేదు. ‘స్టార్ ట్రెక్’ శుక్రవారం రాత్రి 10 గంటలకు వెళ్లింది. దాన్ని ప్రాణంగా చూసే కుర్రకారు ఇంట్లో ఉండని వేళ అది. సృష్టికర్త జీన్ రాడెన్‌బెర్రీ రోజువారీ బాధ్యతల నుంచి తప్పుకున్నాడు. ఖర్చుకు కోత పడింది. కొత్త నిర్మాతగా ఫ్రెడ్ ఫ్రైబర్గర్ వచ్చాడు.

ఉత్తరాలు రాసి బతికించుకున్నవాళ్లు ఆ శుక్రవారం ఎంత ఆశతో కూర్చుని ఉంటారో ఊహించుకోవచ్చు. వాళ్లకు మొదట వడ్డించింది ఇది. నిజానికి ఆ సీజన్‌లో ముందుగా చిత్రీకరించింది ఇది కాదు. వారం తరవాత వచ్చిన ‘ది ఎంటర్‌ప్రైజ్ ఇన్సిడెంట్’, శత్రునౌకలోకి గూఢచర్యానికి వెళ్లే బిగువైన కథ, అప్పటికే తయారై ఉంది. దాన్నే ముందు వేసి ఉంటే ‘స్పాక్స్ బ్రెయిన్’ ఏ నవంబరులోనో వచ్చి, ఒక తమాషా ఎపిసోడ్‌గా మరుగున పడిపోయేదని నా లెక్క. అదే సీజన్‌లో ఇంతకంటే నీరసమైనవి ఉన్నాయి. అవి ఎవరికీ గుర్తులేవు, విసుగు పుట్టించడం తప్ప మరేం చేయలేదు కనుక. ఇది మాత్రం విసుగు పుట్టించదు.

రాసింది లీ క్రోనిన్ అని తెరమీద పడుతుంది. ఆ పేరు వెనక ఉన్నది జీన్ ఎల్. కూన్. క్లింగాన్లనే శత్రు గ్రహాంతరవాసులను ధారావాహికకు తెచ్చినవాడు, దాని ఉత్తమ కథలు కొన్ని రాసినవాడు. అప్పటికే వేరే స్టూడియోకు మారడంతో మారుపేరు వాడాడు. కావాలనే వేళాకోళంగా రాశాడనే వాదన ఒకటి ఉంది. నాకు నమ్మబుద్ధి కాదు. ఆ ఏడాది వార్తలు చూస్తే కథ అంత వెర్రిగా తోచదు.

1967 డిసెంబరు 3న కేప్‌టౌన్‌లో క్రిస్టియన్ బర్నార్డ్ తొలిసారి మనిషి గుండె మార్చాడు. రోగి 18 రోజులు బతికాడు. 1968 ఫిబ్రవరిలో బొంబాయి కేఈఎం ఆస్పత్రిలో డాక్టర్ పి.కె. సేన్ బృందం ఆ ప్రయత్నమే చేసింది. ఆగస్టులో హార్వర్డ్ వైద్యుల సంఘం, గుండె కొట్టుకుంటున్నా మెదడు పూర్తిగా ఆగిపోతే ఆ మనిషిని మరణించినట్టే లెక్కించవచ్చని కొలమానాలు ప్రకటించింది. మనిషి ఉండేది గుండెలోనా మెదడులోనా అని లోకం తలపట్టుకున్న నెలల్లో, మెదడు ఒకచోట, కదిలే దేహం మరోచోట ఉన్న మనిషిని ఈ ఎపిసోడ్ తెరమీద నిలబెట్టింది. తలలు తారుమారైన మొగుడి గురించి భేతాళుడు విక్రమార్కుణ్ణి అడిగిన ప్రశ్న విన్నవాళ్లం మనం. తల ఎవరిదో మొగుడు అతనే అన్నాడు రాజు. కూన్ కూడా అదే తీర్పిచ్చాడు.

మళ్లీ చూసినప్పుడు నన్ను పట్టి ఆపింది శస్త్రచికిత్స ఘట్టం. అక్కడివారి జ్ఞానమంతా ‘టీచర్’ అనే ఒక శిరస్త్రాణంలో ఉంటుంది. తలకు పెట్టుకుంటే ఏ విద్యయినా వస్తుంది, కాసేపటికి పోతుంది. కారా స్పాక్ మెదడు తీసింది అలాగే. మెకాయ్ దాన్ని పెట్టుకుంటాడు. మొదట చేతులు చకచకా ఆడతాయి. ఇది పిల్లలాట అంటాడు. సగంలో వేళ్లు ఆగిపోతాయి. ఇందాక తేటగా కనబడిన నరం ఇప్పుడు ఏదో తెలియదు. మెకాయ్‌గా నటించిన డిఫారెస్ట్ కెల్లీ ముఖంలో చెమట, భయం, తెలిసినది కళ్లముందే జారిపోతున్నవాడి దిగులు. చివరికి స్పాక్ గొంతును మెదడుకు కలిపితే, బల్లమీది ఆ రోగే డాక్టరుకు దారి చెబుతాడు. ఇన్నాళ్లూ నవ్వుకున్న ఆ "మెదడంటే ఏమిటి" కూడా ఇక్కడికి వచ్చేసరికి వేరేలా వినిపిస్తుంది. ఎరువు తెచ్చుకున్న విద్య దిగిపోయాక కారాకు తాను చేసిన పనే తెలియదు. ఆ మాటకు బెదిరిన పిల్ల గొంతు ఇచ్చిన నటి మార్జ్ డ్యూసేను ఎవరూ మెచ్చుకోగా నేను వినలేదు.

దీన్ని నిజంగా దెబ్బతీసేది రిమోట్ కంట్రోల్ కాదు, ఆడవాళ్ల చిత్రణ. వాళ్ల సమాజమంతా పసిబుర్రల గుంపు. పైనున్న మగవాళ్లతో కలిస్తేనే బాగుపడతారని నౌక కెప్టెన్ కిర్క్ తేల్చేసి వెళ్లిపోతాడు. అందుకు ఏ వెనకేసుకురావడమూ పనికిరాదు.

నిందంతా మోసింది మాత్రం ఫ్రైబర్గర్. వేళ మారడం, రాడెన్‌బెర్రీ తప్పుకోవడం అతను చేసినవి కావు. ప్రసారాలు 1969లో మొత్తం 79 ఎపిసోడ్లతో ఆగిపోయాయి. తరవాత ‘స్పేస్: 1999’ రెండో సీజన్‌తో ముగిసినప్పుడూ నిర్మాత అతనే కావడంతో, చేపట్టిన ధారావాహికనల్లా ముంచుతాడన్న పేరు స్థిరపడింది. రెండో ప్రపంచ యుద్ధంలో అతని విమానం జర్మనీలో కూలి, యుద్ధఖైదీ అయ్యాడు. ఆ చెర రెండేళ్లలో తీరిందనీ, ‘స్టార్ ట్రెక్’ చెర మాత్రం దశాబ్దాలు నడిచిందనీ అతను చెప్పుకునేవాడు.