చర్చి క్రిస్మస్ ట్రీ మీది గుర్తులు: అపోహలు – వాస్తవాలు

నార్త్ కరోలినాలో మేం వెళ్లే లూథరన్ చర్చిలో ఏటా క్రిస్మస్ ట్రీకి వేలాడదీసే క్రీస్తు గుర్తులు తయారుచేసే పని నాది. థర్మాకోల్, తెల్ల పూసలు, బంగారు రంగు తీగ ఉంటే చాలు. ఈ గుర్తులను క్రిస్మన్లు అంటారు. వీటి గురించి తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: ఇవి మొదటి శతాబ్దం నుంచీ చెట్టుకు కడుతున్నవే.

గుర్తులు పాతవే. చేప, లంగరు బొమ్మల్ని తొలి క్రైస్తవులు రోమ్‌లో నేల కింది సమాధుల్లో గీసుకున్నారు. వాటిని చెట్టెక్కించింది మాత్రం 1957లో, వర్జీనియాలోని డాన్‌విల్‌లో, ఫ్రాన్సెస్ కిప్స్ స్పెన్సర్ అనే ఆవిడ, తన లూథరన్ చర్చి కోసం. క్రిస్మస్ కాలానికి చర్చిలో వాడే రంగు తెలుపు, క్రీస్తు మహిమకు బంగారం. అందుకే ఆ రెండే రంగులు. మధ్యలో ఎర్ర బంతులు వేలాడదీస్తే నాకు నచ్చదు, గుర్తులు కనపడవు.

అపోహ: 'ఎక్స్‌మస్' అని రాస్తే క్రీస్తును తీసేసినట్టే.

ఎక్స్‌లా కనిపించేది గ్రీకు అక్షరం 'ఖీ'. క్రీస్తు పేరు గ్రీకులో దానితోనే మొదలవుతుంది. దాని మీద రెండో అక్షరం 'రో' నిలబెడితే ఖీ-రో అనే గుర్తు. అది ఇంగ్లీషు పీలా ఉంటుంది కాబట్టి మా పిల్లలు 'ఎక్స్‌పీ' అని చదివేస్తారు!

అపోహ: గూడబాతు (పెలికాన్) తన రొమ్ము చీల్చుకుని రక్తంతో పిల్లల్ని బతికిస్తుంది.

ఇది పాతకాలపు కథ. క్రీస్తు బలికి సరిగ్గా సరిపోయిందని చర్చి దాన్ని ఉంచుకుంది. కొల్లేరులో చూసినవాళ్లకు తెలుసు, పిల్లలు తల్లి గొంతు సంచిలో తల దూర్చి చేపలు తింటాయి. అయినా ఆ గుర్తు చేయడం నాకు మహా ఇష్టం. మెడ వంపు తీగతో తిప్పడమే కష్టం.

అపోహ: చెట్టును అలంకరించొద్దని బైబిల్లో యిర్మీయా 10వ అధ్యాయం చెబుతోంది.

గుంటూరు నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఇదే గొడవ. ఆ అధ్యాయం మొత్తం చదవండి. చెక్కిన కొయ్యకు వెండి బంగారాలు తొడిగి దేవుడని మొక్కడం గురించి అది. ఆ బొమ్మ మాట్లాడదు, నడవదు, దాన్ని మోయాలి అంటాడు ప్రవక్త. మా చెట్టుకు ఎవరూ మొక్కరు పెద్దమ్మా.

అపోహ: ఈ గుర్తులు చేసి అమ్ముకోవచ్చు.

లాభానికి అమ్మకూడదన్నది డాన్‌విల్ చర్చి షరతు. మీ చర్చికి మీరే చేసుకోండి. జిగురు విషయంలో జాగ్రత్త: ఘాటు వాసన వచ్చే రబ్బరు జిగురు పూస్తే థర్మాకోల్ కరిగిపోతుంది. తెల్ల ఫెవికాల్ వాడండి, రాత్రంతా ఆరనివ్వండి.