సున్నిపిండి డబ్బాతో పాటు ఈ ఉత్తరం

బంగారుతల్లికీ, చిన్నోడికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చూపించావు కదా తల్లీ, 100% నేచురల్ అని రాసిన ఫేస్ ప్యాక్, కొనుక్కోనా అమ్మమ్మా అని. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. కొనుక్కో, నాకేం అభ్యంతరం లేదు. కానీ కొనేముందు ఆ డబ్బా మీద ఒక్క సంగతి వెతుకు: ఇందులో పసుపు ఎవరి చేలోది, ఏ ఊరిది? అది రాసి లేకపోతే నేచురల్ అన్న మాటకి నా లెక్కలో విలువ లేదు.

మనింట్లో పసుపంటే దాదాపు తొమ్మిది నెలల పంట. తాతయ్య దుగ్గిరాల దగ్గర ఎకరంన్నరలో వేసేవారు. జూన్‌లో విత్తనం పెడితే సంక్రాంతి దాటాక ఆకులు పండి వాలిపోయేవి, అప్పుడు తవ్వించేవాళ్ళం. ఆడకూలీలు వరసగా కూర్చుని మట్టి దులిపి తల్లిదుంప నుంచి కొమ్ములు విరిచేవాళ్ళు, ఎన్నిసార్లు కడుక్కున్నా వాళ్ళ గోళ్ళ పసుపు వారాల తరబడి వదిలేది కాదు. తర్వాత వండటం. కొమ్ములు వేరు, కాయలు, అంటే తల్లిదుంపలు, వేరు, ఎందుకంటే రెండూ ఒకేసారి ఉడకవు. పెద్ద బానలో దుంపలు మునిగేదాకా నీళ్ళు పోసి, పైన పసుపాకులు కప్పి మంట పెడితే ముప్పావుగంటకో గంటకో నురగ పొంగి తెల్లటి ఆవిరి లేచేది, ఆ వాసన వీధి చివరిదాకా వచ్చేది. తాతయ్య ఒక కొమ్ము బయటికి లాగి పుల్లతో గుచ్చేవారు. పుల్ల సులువుగా దిగిందా, ఇక బాన దించెయ్యాల్సిందే. ఇంకాసేపు ఉంచితే రంగు చెడుతుంది, ముందే తీస్తే ఎండాక పెళుసుబారిపోతుంది. ఆ పుల్ల గుచ్చి చూడటం మీ అమ్మకి పదేళ్ళప్పుడే వచ్చేసింది, అడగండి కావాలంటే. ఆపైన కల్లంలో 10, 15 రోజులు ఎండాలి, రాత్రిళ్ళు కప్పాలి, మబ్బు కనిపిస్తే ఇంటిల్లిపాదీ పరుగెత్తాలి. ఇంతా చేస్తే 100 కిలోల పచ్చి పసుపుకి చేతికొచ్చే ఎండు పసుపు 20 కిలోలు, కాస్త అటూ ఇటూ.

ఒక ఏడు అలా చేతికొచ్చిన పసుపుకి ఒక వ్యాపారి రంగు తక్కువుందని ధర కోసేశాడు. పక్కన ఇంకొకరి కుప్ప పసిమిగా మెరిసిపోతోంది. అది పూసిన రంగు, అక్కడ అందరికీ తెలుసు. కొమ్ములు మెరవడానికి పూసే రంగుల్లో లెడ్ క్రోమేట్ అనేదొకటుంది, అందులో సీసం ఉంటుంది. సీసం పిల్లల ఒంట్లోకి పోతే మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది. తాతయ్య రంగు వెయ్యనన్నారు. ఆ ఏడు కూలీల డబ్బులు నా గాజులు పెట్టి ఇచ్చాం, దానికి నేనేనాడూ బాధపడలేదు. మీరు పసుపు కొన్నప్పుడు రెండు కొమ్ములు ఒక గ్లాసు నీళ్ళలో వేసి చూడండి. వెయ్యగానే రంగు దిగితే ఆ కొట్టుకి మళ్ళీ వెళ్ళకండి.

కుంకుళ్ళు మన చేలో లేవు. పాడేరు లాంటి ఏజెన్సీ ఊళ్ళలో గిరిజనులు కాయలేరి, ఎండబెట్టి, మోసుకుని సంతకి తెస్తారు. దళారులు వాళ్ళకి ముందే అప్పులిచ్చి, తూకంలో కోసి, సరుకంతా కారుచౌకగా పట్టుకుపోయేవాళ్ళు. అది ఆపాలనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. నేను కుంకుళ్ళూ సీకాయా తేనే వాళ్ళ దుకాణంలోనే తీసుకుంటాను. నా తలంటుకి నురగ ఇచ్చిన కాయ ఏరిన మనిషికి సరైన ధర అందకపోతే ఆ తలంటు నాకు హాయిగా ఉండదు, అంతే.

ఇంకోటి, ఇది జాగ్రత్తగా చదవండి. చెట్టు నుంచి వచ్చిందంతా ఒంటికి మంచిదే అనుకోకండి. చిన్నప్పుడు మా చెల్లెలు మొహానికి నిమ్మరసం రాసుకుని ఎండలో ఆడింది, మర్నాటికి చెంపలు కాలినట్టు ఎర్రబడి, ఆ మచ్చలు నెలలపాటు నల్లగా ఉండిపోయాయి. సున్నిపిండిలో కొందరు వేసే బావంచాలూ అంతే, వాటిలో ఉన్న గుణం వల్ల చర్మం ఎండకి తట్టుకోలేదు. అందుకే నా పిండిలో వెయ్యను. ఏది కొత్తగా రాసినా ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒకరోజు చూడండి.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, 1995లో అమెరికాలో ఒక యూనివర్సిటీకి పసుపుతో గాయాలు మాన్పడం మీద పేటెంట్ ఇచ్చారు. పసుపుతో! మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాళ్ళు పాత సంస్కృత గ్రంథాలూ, 1953లో మన డాక్టర్ల పత్రికలో అచ్చయిన వ్యాసమూ చూపించి పోట్లాడితే 1997లో రద్దు చేశారు. మా అమ్మ మోకాలికి పసుపు అద్దిన సంగతి ఎవరూ సాక్ష్యంగా తీసుకోరు, కాగితం మీద ఉండాలి. అందుకని మనింటి కొలత కూడా కాగితం మీదే పెడుతున్నాను.

పెసలు కిలో, శనగపప్పు పావుకిలో, బియ్యం రెండు గుప్పిళ్ళు, నీడన ఎండిన గులాబి రేకులు, కమలాతొక్కలు ఒక్కో గుప్పెడు, వట్టివేళ్ళు కొంచెం, కస్తూరి పసుపు రెండు చెంచాలు. కస్తూరి పసుపు కూరలో వేసేది కాదు, మొహానికి పసుపు మరకలు పట్టించదు. అన్నీ కరకరలాడేలా ఎండాకే మర పట్టించాలి. తడి చెయ్యి డబ్బాలో పెట్టొద్దు, చిన్నోడా, ముఖ్యంగా నీకే చెబుతున్నా, బూజు పడుతుంది. కావలసినంత గిన్నెలోకి తీసుకుని అప్పటికప్పుడు నీళ్ళతో కలుపుకోండి.

డబ్బా కింద గుడ్డ మూటలో అరకిలో కొమ్ములున్నాయి. పక్కచేను మస్తానమ్మ ఈ ఏడు వండిన పసుపు. అందిన రోజు రెండు కొమ్ములు నీళ్ళలో వేసి చూసి, రంగు దిగిందో లేదో నాకు ఫోన్ చెయ్యండి.

మీ అమ్మమ్మ