పీటర్ రీడెల్: బెర్లిన్ రెండుసార్లు నమ్మని మనిషి

జర్మన్ గ్లైడర్ పైలట్ పీటర్ రీడెల్ మీద పాత వాదన మళ్లీ రేగింది. నాజీ ప్రభుత్వానికి సమాచారం సేకరించి పెట్టిన మనిషి 1944లో అమెరికా గూఢచార సంస్థ ఓఎస్ఎస్‌తో ఎందుకు మాటలు కలిపాడు? మనస్సాక్షి అంటారు ఒకరు. ఓడిపోయే పార్టీలోంచి ఫలితాలకు ముందురోజు కండువా మార్చే నాయకుడి బాపతు అంటారు ఇంకొకరు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ మీద పెట్టిన వర్సాయ్ ఒప్పందం ఆంక్షల వల్ల జర్మన్ కుర్రాళ్లు ఇంజిన్ లేని విమానాల వైపు, అంటే గ్లైడర్ల వైపు మళ్లడం, జర్మనీలోని వాసర్‌కుప్పె కొండ మీద పోటీలు, ఇదంతా తెలిసిన కథే. 1905లో పుట్టిన రీడెల్ 1920లో అక్కడ జరిగిన తొలి పోటీలకు పదిహేనేళ్లు నిండీ నిండని వయసులో వచ్చాడు. 1934లో ప్రొఫెసర్ గియోర్గీ గ్లైడింగ్ బృందంతో దక్షిణ అమెరికా వెళ్లాడు. ఆ బృందంలో నాజీ జర్మనీలో పేరుమోసిన మహిళా పైలట్ హానా రైట్ష్ కూడా ఉంది. ఈ పరిచయమే తర్వాత కథకు కీలకం.

ఓఎస్ఎస్‌తో కలవడమే అతడి జీవితంలో మలుపు అని చాలామంది రాస్తారు. అసలు మలుపు 1944 అక్టోబరులో ఉంది. అప్పటికి రీడెల్ స్టాక్‌హోమ్‌లోని జర్మన్ రాయబార కార్యాలయంలో పనిచేస్తున్నాడు. అంతకు మూడు నెలల ముందు సోవియట్ సైన్యం పోలండ్‌లో నాజీలు నడిపిన మైదానెక్ మరణ శిబిరాన్ని స్వాధీనం చేసుకుంది. ఆగస్టులో విదేశీ విలేకరులు వెళ్లి చూసొచ్చారు. తటస్థ దేశమైన స్వీడన్‌లో ఉన్నవాడికి ఈ వార్తలు అందకుండా ఉండవు. గ్యాస్ చాంబర్ల గురించి రాసిన ఒక చిన్న పుస్తకం రీడెల్ చేతికొచ్చింది. దాన్ని బెర్లిన్‌కు పట్టుకెళ్లి రైట్ష్‌కు చూపించాడు.

తర్వాత జరిగింది రైట్ష్ చెప్పుకున్నదే. ఇది శత్రువుల ప్రచారమని ఆమె అనుకుంది. అయినా ఆ శిబిరాలు నడిపే ఎస్ఎస్ దళాల అధిపతి హిమ్లర్ దగ్గరకు వెళ్లింది. నువ్వు నమ్ముతున్నావా అని అతడు అడిగితే, లేదు, కానీ దీన్ని ఖండించాలి అంది. హిమ్లర్ సరేనన్నాడు. అతడు అబద్ధమాడాడని తనకు యుద్ధం అయ్యాకే తెలిసిందని ఆమె వాదన. అంటే పుస్తకంలో ఉన్నది నిజమో కాదో తేల్చమని హిమ్లర్‌నే అడిగి, ఆయన మాటతో తృప్తిపడిందన్నమాట!

రీడెల్ తృప్తిపడలేదు. ఎందుకో తెలియాలంటే కొన్నేళ్లు వెనక్కి, వాషింగ్టన్‌కు వెళ్లాలి. 1937లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో జరిగిన అమెరికా జాతీయ గ్లైడింగ్ పోటీల్లో అందరికన్నా ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నది అతడే. విదేశీయుడు కాబట్టి టైటిల్ ఇవ్వలేదు. మరుసటి ఏడాదికల్లా వాషింగ్టన్‌లో జర్మన్ రాయబార కార్యాలయ సైనిక ప్రతినిధి (అటాషే) బోటిషర్ కింద వైమానిక వ్యవహారాలు చూసే ఉద్యోగంలో చేరాడు. చీకట్లో రహస్య పత్రాలు దొంగిలించే గూఢచారి కాదు, దౌత్య హోదాలో ఉన్న మనిషి. అమెరికా ఎన్ని విమానాలు తయారు చేస్తోంది, ఇంకెన్ని చేయగలదు అని అంచనా కట్టడం అతడి పని. 1940 మే 16న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఏడాదికి 50,000 విమానాలు కావాలన్నప్పుడు బెర్లిన్ పెద్దలు అది గొప్పలు చెప్పుకోవడమని తీసిపారేశారు. 1944లో అమెరికా తయారు చేసినవి 96,000 పైచిలుకు.

కాగితం మీద అంకెలు చదివి, ఇది కల్లబొల్లి మాట కాదని గుర్తుపట్టడం అతడి వృత్తి. వాషింగ్టన్ అంకెలకు బెర్లిన్ ఇచ్చిన జవాబేమిటో అతడికి తెలుసు. స్టాక్‌హోమ్ నుంచి తెచ్చిన పుస్తకానికీ అదే జవాబు వచ్చింది: ప్రచారం. రెండోసారి ఆ మాట విన్నాక ఆ ప్రభుత్వంతో అతడికి మిగిలిందేమీ లేదు. బెర్లిన్‌కు రమ్మని పిలుపొచ్చినా వెళ్లలేదు, స్వీడన్‌లోనే దాక్కున్నాడు. వెళ్లి ఉంటే ఏమయ్యేదో, హిట్లర్‌ను చంపబోయిన 1944 జులై కుట్ర తర్వాతి జర్మనీ గురించి తెలిసినవారికి వేరే చెప్పక్కర్లేదు.

విమర్శకులది ఒక మాట గట్టిదే. 1938 నవంబరులో జర్మనీలో యూదుల దుకాణాలు, ప్రార్థనా మందిరాలు తగలబెట్టినప్పుడు అమెరికన్ పత్రికలు ఆ వార్తలు మొదటి పేజీల్లో వేశాయి. రూజ్‌వెల్ట్ తన రాయబారిని బెర్లిన్ నుంచి వెనక్కి పిలిచాడు. విమానాల వార్తలు అంత శ్రద్ధగా చదివినవాడికి ఇవి కనబడలేదా? కనబడే ఉంటాయి. అతడు ఉద్యోగం మానలేదు. అమెరికా యుద్ధంలోకి దిగాక జర్మన్ దౌత్యవేత్తలందరితోపాటు వెస్ట్ వర్జీనియాలోని గ్రీన్‌బ్రైర్ హోటల్లో నిర్బంధంలో ఉండి, 1942లో జర్మనీకే తిరిగి వెళ్లాడు. పుస్తకం చూపించిన రోజు అతడి గత ఆరేళ్లను చెరిపేయదు. కానీ అప్పటికి బెర్లిన్‌లో ఇలాంటి వార్తలు తెలిసి కూడా కదలనివాళ్లు ఎందరో ఉన్నారు.

వాళ్లలో ఒకరి పేరు మన పాఠకులకు తెలిసే ఉంటుంది. 1959లో నెహ్రూ ఆహ్వానం మీద రైట్ష్ భారత్ వచ్చింది, ఆయన్ను గ్లైడర్‌లో ఎక్కించుకుని ఢిల్లీ మీద తిప్పింది. తర్వాత ఆఫ్రికాలోని ఘనాలో అధ్యక్షుడు ఎన్‌క్రుమా పిలుపుతో గ్లైడింగ్ స్కూలు నడిపింది. రీడెల్‌కు అలాంటి పిలుపులు రాలేదు. యుద్ధం అయ్యాక వెనిజులా చేరాడు, దేశాలు తిరిగి చివరకు అమెరికాలో స్థిరపడ్డాడు. వాసర్‌కుప్పె పోటీల చరిత్ర రాసిపెట్టి 1998లో 93 ఏళ్ల వయసులో చనిపోయాడు.