చింతామణి: రికార్డుకెక్కని సీను చుట్టూ గొడవ

కాళ్లకూరి నారాయణరావు రాసిన చింతామణి పద్యనాటకంపై నిషేధం సబబా కాదా అన్న వాదన మళ్లీ రాజుకుంది. అందులోని సుబ్బిశెట్టి, వేశ్య చింతామణి మోజులో డబ్బు పోగొట్టుకునే వైశ్య వ్యాపారి, తమ కులాన్ని కించపరుస్తున్నాడన్నది ఆర్యవైశ్య సంఘాల ఫిర్యాదు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శనలను ఆపేయడం, ఆర్యవైశ్య సంఘాలు సంతోషించడం, కళాకారులూ అప్పటి నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజూ హైకోర్టు మెట్లెక్కడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కాళ్లకూరి నారాయణరావు ఎవరో, వేశ్య మోహంలో పడి చివరికి భక్తుడైన లీలాశుకుడి (నాటకంలో బిల్వమంగళుడు) కథను తీసుకుని వేశ్యాలోలత్వం మీద ఆయన ఈ నాటకం ఎందుకు రాశారో గోదావరి జిల్లాల వారికి కొత్తగా చెప్పనవసరం లేదు. చెప్పవలసింది వేరే ఉంది. రెండు పక్షాలూ 'అసలు చింతామణి' అంటూ రెండు వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నాయి. ఒకటి 1920ల నాటి పుస్తకం. మరొకటి తీర్థంలో, అంటే ఊరి జాతరలో, తాటాకు పందిరి కింద, అర్ధరాత్రి దాటాక జనం చూసే ఆట.

మొదటిది రెండోదిగా ఎప్పుడు మారింది? కాంట్రాక్టు నాటకాలు వచ్చినప్పుడు. నా దృష్టిలో ఈ తగాదా మొత్తానికీ మూలం అక్కడే ఉంది.

అంతకు ముందు నాటకమంటే నాటక సమాజం, కలిసి సాధన చేసే ఒకే బృందం. మైలవరం వంటి చోట్ల జమీందారు జీతాలిచ్చి నటులను పోషించాడు. నెలల తరబడి సాధన చేయించి గాని రంగం ఎక్కించేవారు కాదు. ఆ పోషణ ఆగిపోయాక కాంట్రాక్టరు వచ్చాడు. ఒక ఊరి నుంచి చింతామణిని, ఇంకో ఊరి నుంచి బిల్వమంగళుణ్ణి, మరెక్కడి నుంచో భవానీశంకరాన్ని మాట్లాడుకుని, కరపత్రం మీద పేర్లు పెద్ద అక్షరాలతో వేయించాడు. రైలు దిగడం, రంగు పూసుకోవడం, హార్మోనియం వాద్యగాడికి శ్రుతి చెప్పడం, తెర లేపడం. కలిసి సాధన చేసే తీరిక ఎవరికీ లేదు. జనం కూడా కథ కోసం రాలేదు, గొంతుల కోసం వచ్చారు. 'వన్స్ మోర్' అని అరిస్తే అదే పద్యం మళ్లీ, ఇంకొంచెం రాగం సాగదీసి.

పద్యానికి ఛందస్సు ఉంది కాబట్టి ఈ తొక్కిసలాటలో అది పెద్దగా చెడలేదు. వచనానికి ఆ కాపలా లేదు. సుబ్బిశెట్టి పాత్ర ప్రాణమంతా వచనంలోనే ఉంది. నిద్ర ముంచుకొచ్చే వేళ జనాన్ని లేపి కూర్చోబెట్టే బాధ్యత ఆ సీను మీద పడింది. ఒక ఊళ్లో నవ్వు పుట్టించిన మాట పక్క ఊళ్లో రెట్టింపయింది. చింతామణికీ, తల్లి శ్రీహరికీ, సుబ్బిశెట్టికీ మధ్య కాళ్లకూరి ఎన్నడూ రాయని సంభాషణ పేరుకుపోయింది. 1927లో ఆయన కన్నుమూశారు. ఇది నా నాటకం కాదని అనడానికి మనిషి లేడు.

అదే కాలంలో గ్రామఫోను వచ్చింది. ఆనాటి రికార్డు ఒక వైపు మూడు నిమిషాల చొప్పున తిరిగేది. ఆలాపనతో సహా ఒక పద్యం అందులో ఇముడుతుంది, హాస్యం సీను మొత్తం ఇమడదు. కంపెనీలు ఎక్కువగా పద్యాలనే రికార్డు చేశాయి. 1948 డిసెంబరులో మొదలైన విజయవాడ రేడియో కేంద్రం నుంచి శ్రోతలు విన్నదీ ప్రధానంగా పద్యాలే. అంటే ఈ రంగస్థలం తొలినాళ్ల గురించి మనకు మిగిలిన దాఖలా ఎక్కువగా పాడినదే, మాట్లాడినది తక్కువ. క్యాసెట్లు, వీడియోలు వచ్చేసరికి ఆ సీను ముదిరిపోయి ఉంది. నేడు ఫిర్యాదుతో పాటు చూపించే తునకలు ఆ ముదిరిన రూపానివే.

చదువుకున్న నాటకరంగం కూడా తప్పించుకోలేదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టాక పోటీలు, బహుమతులు, సాంఘిక నాటికల వైపు క్రమంగా మొగ్గు పెరిగింది. పద్యనాటకాన్ని కాంట్రాక్టర్లకు వదిలేసిన పెద్దలే తర్వాత దాని మోటుతనాన్ని తిట్టారు.

ఆర్యవైశ్య సంఘాల బాధ అబద్ధం కాదు. దుకాణంలో కూర్చున్న మనిషిని చూసి వీధిలో పిల్లలు సుబ్బిశెట్టి మాటలు విసిరితే అది హాస్యమని సరిపెట్టుకోమనడం అన్యాయం. కానీ కులానికి తగిలిన గాయమే కొలమానమైతే, ముందుగా అడగవలసింది ఆటపాటలే వృత్తిగా బతికిన కళావంతుల కులాన్ని. వారి ఇంటి ఆడపిల్లను, తల్లిని డబ్బు గుంజే మనుషులుగా ఈ నాటకం చూపింది, పుస్తకంలోనే చూపింది. కోనసీమలో, కాకినాడ చుట్టుపక్కల ఆ కుటుంబాల నృత్యాన్ని 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం, దానికి ముందూ వెనకా సాగిన సంస్కరణ ప్రచారం కలిసి అణచివేశాయి. వారి గాయం పేరుతో ఈ నాటకాన్ని ఆపుతూ ఏ ఉత్తర్వూ రాలేదు.

ఉత్తర్వు ఆపినది ప్రదర్శనను. పుస్తకం దొరుకుతూనే ఉంది. 1956లో భానుమతి, ఎన్టీఆర్ నటించిన సినిమాలో సుబ్బిశెట్టిగా వేసిన రేలంగి ఈ గోదావరి ప్రాంతపు మనిషే. ఆ సినిమాను సెన్సారు ఆపలేదు. ఎటు తిరిగీ దెబ్బ తగిలింది సంక్రాంతి నుంచి వేసవి దాకా తీర్థాల్లో ఆడి ఏడాది గడుపుకునే వేషగాళ్లకు, హార్మోనియం వాద్యగాళ్లకు. పుస్తకంలో ఉన్న మాట తప్ప మరొకటి పలకబోమని హామీ ఇస్తే ఆడనిస్తారా అన్నది వారి తరఫున వినిపిస్తున్న ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే ప్రభుత్వం ముందు పుస్తకాన్నీ పందిరినీ విడదీసి చూడాలి. నిషేధపు ఉత్తర్వు ఆ పని చేయలేదు.