గూడుపెట్టెలో కెమెరా: అపోహలు - వాస్తవాలు

పెరట్లో ఒక చెక్క గూడుపెట్టె, దాని పైకప్పులో చిన్న కెమెరా, లోపల పిట్టల కాపురం మన ఫోన్‌లో. ఇలాంటి పెట్టెలు తయారుచేసి బిగించడం నా పని. బిగించాక నాకు వచ్చే ఫోన్లలో కెమెరా పనిచేయట్లేదని వచ్చేవి తక్కువే. "తల్లి గుడ్లు వదిలేసి వెళ్లిపోయిందండీ", "పిట్టకు ఫిట్స్ వచ్చినట్టున్నాయి, పెట్టె తెరవమంటారా" అని వచ్చేవే ఎక్కువ. తెర మీద కనిపించేది నిజమే, దానికి మనం చెప్పుకునే అర్థమే చాలాసార్లు తప్పు. ఎక్కువగా వినిపించే అపోహలు ఇవీ.

అపోహ: రాత్రి కెమెరా లైటు వల్ల పిట్టలకు నిద్ర ఉండదు

ఈ కెమెరాలు రాత్రి వాడేది ఇన్‌ఫ్రారెడ్ కాంతి. పక్షులు మనకు కనిపించని అతినీలలోహిత కాంతిని చూడగలవు కానీ, ఎరుపు వైపు వాటి చూపు దాదాపు మన చూపు ఆగేచోటే ఆగిపోతుంది. అందుకే ఇన్‌ఫ్రారెడ్ వాటికి చీకటే. కాకపోతే ఎల్‌ఈడీల్లో రెండు రకాలున్నాయి. 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న రకాన్ని దగ్గరగా చూస్తే లోపల సన్నటి ఎర్ర మెరుపు కనిపిస్తుంది. 940 రకంలో అదీ ఉండదు. గూడుపెట్టెకు నేను 940 రకమే వాడతాను. దానితో బొమ్మ కొంచెం మసకగా వస్తుంది కానీ, జానెడు పెట్టెకు ఆ వెలుతురు చాలు. తెల్ల లైటు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

బొమ్మ నలుపు తెలుపులో ఉంటే కెమెరా పాడైందని కాదు, ఇన్‌ఫ్రారెడ్‌లో రంగులు రావు. పగలైనా రంగులు కావాలంటే పైకప్పుకు దగ్గరగా, పక్క గోడలో చిన్న కిటికీ కోసి, వెలుతురు మాత్రమే లోపలికి వచ్చే పాలరంగు ప్లాస్టిక్ ముక్క బిగించండి. పిట్టలు దానికి అలవాటు పడతాయి. ఈ పని పిట్ట రాకముందే అయిపోవాలి.

అపోహ: ఇంట్లో మిగిలిన సీసీ కెమెరా ఏదైనా సరిపోతుంది

మామూలు సీసీ కెమెరా లెన్స్ కొన్ని మీటర్ల దూరానికి సర్ది వస్తుంది. పెట్టెలో పైకప్పు నుంచి గూటికి ఉండేది పదిహేను, ఇరవై సెంటీమీటర్లు. అక్కడ అంతా మసకే. లెన్స్‌ను చేత్తో తిప్పి దగ్గరి దూరానికి సర్దగలిగే కెమెరా తీసుకోవాలి. చాలామంది ఖాళీ పెట్టె అడుగును చూస్తూ ఫోకస్ సర్దేస్తారు. పిట్ట వచ్చి నాచు, పీచు, గడ్డి తెచ్చి గూడును కొన్ని సెంటీమీటర్ల ఎత్తు పేరుస్తుంది. అప్పుడు గుడ్లు మసకగా, పెట్టె మూలలు మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి. అడుగున నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తున్న చెక్కముక్క పెట్టి, దాని మీద ఏవైనా అక్షరాలున్న కాగితం ఉంచి, ఆ అక్షరాలు చదవగలిగేలా సర్దండి.

బ్యాటరీ కెమెరాలు వద్దు. బ్యాటరీ మార్చాలంటే పెట్టె తెరవాలి. వీలైతే ఒకే కేబుల్‌లో కరెంటూ, వీడియో రెండూ వెళ్లే ఈథర్‌నెట్ రకం వాడండి, వంద మీటర్ల వరకూ ఇబ్బంది ఉండదు. వైఫై తప్పదంటే 2.4 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి, గోడలు దాటడంలో 5 కన్నా అదే మెరుగు.

అపోహ: మనిషి చెయ్యి తగిలితే ఆ వాసనకు తల్లి గూడు వదిలేస్తుంది

చిన్నప్పటి నుంచీ అందరం విన్నదే. ఇది నిజం కాదు. ఆక్స్‌ఫర్డ్ దగ్గర వైథమ్ అడవిలో 1947 నుంచి గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టల్ని గూడుపెట్టెల్లోనే అధ్యయనం చేస్తున్నారు. పరిశోధకులు పెట్టెలు తెరుస్తారు, గుడ్లు లెక్కపెడతారు, పిల్లల్ని చేతిలోకి తీసుకుని కాళ్లకు రింగులు తొడుగుతారు. తల్లిదండ్రులు మళ్లీ వచ్చి మేత పెడతాయి.

అలాగని మీరూ తెరవొచ్చని కాదు. గుడ్లు పెట్టేటప్పుడు, పొదగడం మొదలైన తొలి రోజుల్లో అలజడి ఎక్కువైతే తల్లి నిజంగానే వదిలేసి వెళ్లిపోవచ్చు. దానికి కారణం వాసన కాదు, భయం. ఇక పిల్లలకు ఈకలు వచ్చి ఎగరడానికి సిద్ధమయ్యే చివరి రోజుల్లో తెరిస్తే, అవి రెక్కలు గట్టిపడక ముందే బయటికి దూకేస్తాయి. పరిశోధకులకు ఏ రోజు తెరవాలో, ఎంతసేపు తెరవాలో తెలుసు, దానికి అనుమతులూ ఉంటాయి. చాలా దేశాల్లో, వాడుకలో ఉన్న అడవి పక్షి గూటిని కదిలించడం నేరం కూడా. కాబట్టి మధ్యలో కెమెరా ఆగిపోతే ఆగిపోయినట్టే. కొందరికి ఈ మాట అస్సలు నచ్చదు, "ఒక్క స్క్రూ తిప్పితే అయిపోతుంది కదా" అంటారు. ఆ స్క్రూ సీజన్ అయ్యాకే.

అపోహ: గుడ్లు పెట్టి తల్లి వెళ్లిపోయింది, గూడు వదిలేసినట్టే

నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే అనిపిస్తుంది. పొద్దున చూస్తే ఒక గుడ్డు, పగలంతా తల్లి జాడ లేదు. మర్నాడు రెండో గుడ్డు, మళ్లీ తల్లి లేదు. ఇంట్లో వాళ్లకు కంగారు.

చాలా చిన్న పిట్టలు రోజుకు ఒక్క గుడ్డే పెడతాయి, అదీ సాధారణంగా తెల్లవారుజామున. గ్రేట్ టిట్ లాంటివి ఆ గుడ్లను వెంట్రుకలు, మెత్తటి పీచుతో కప్పేసి మేతకు పోతాయి. అందుకే కెమెరాలో గుడ్లే మాయమైనట్టు కనిపిస్తుంది. "ఎవరో గుడ్లు ఎత్తుకుపోయారు" అని ఫోన్ వచ్చాక, రెండు రోజుల్లో "ఇప్పుడు ఐదున్నాయండీ" అని మళ్లీ ఫోన్ వస్తుంది. అన్నీ పెట్టడం పూర్తి కావస్తుండగా గానీ ఆడపిట్ట స్థిరంగా కూర్చోదు. వేడి తగలనంతవరకూ గుడ్డులో పిండం ఎదగదు, కొన్ని రోజులు అలా ఉన్నా చెడిపోదు. ఒకేసారి పొదగడం మొదలైతే పిల్లలన్నీ ఒకటి రెండు రోజుల తేడాలో బయటికొస్తాయి, అందరికీ కలిపి మేత తేవడం సులువు.

గుడ్లగూబల పద్ధతి దీనికి పూర్తిగా వేరు. తెల్ల గుడ్లగూబ మొదటి గుడ్డు నుంచే పొదుగుతుంది, గుడ్డుకూ గుడ్డుకూ రెండు మూడు రోజులు పడుతుంది. అందుకే దాని పిల్లలు ఒకే గూట్లో మెట్ల వరసలా పెద్దా చిన్నా ఉంటాయి. చివరి పిల్ల చిన్నగా ఉందని కంగారుపడక్కర్లేదు, అది అందరికన్నా ఆలస్యంగా పుట్టింది అంతే.

పొదగడం మొదలయ్యాక కూడా తల్లి పగలంతా కదలకుండా కూర్చోదు. కాసేపు కూర్చుంటుంది, మేతకు వెళ్తుంది, వచ్చి గుడ్లు తిప్పి మళ్లీ కూర్చుంటుంది. గ్రేట్ టిట్‌లలో పొదిగేది ఆడదే, మగది దానికి మేత తెచ్చి ఇస్తుంది. పిచ్చుకల్లో రెండూ వంతులేసుకుంటాయి. కానీ గుడ్లకు ఒంటి వేడి నేరుగా తగలడానికి పొట్ట మీద ఈకలు రాలిపోయి చర్మం బయటపడే మచ్చ ఆడపిచ్చుకకే సరిగ్గా ఉంటుంది. మగది కూర్చుంటే గుడ్లు మరీ చల్లబడకుండా ఉంటాయి, అంతవరకే. పిచ్చుక గుడ్లు పిల్లలు కావడానికి దాదాపు పన్నెండు రోజులు, అటూ ఇటూ రెండు రోజులు.

అపోహ: పిట్ట గూట్లో ముక్కు గుచ్చి వణికిపోతోంది, జబ్బు చేసింది

కెమెరాలు వచ్చాకే మామూలు జనం కంటబడిన అలవాటు ఇది. తల్లి తల కిందికి దించి, ముక్కును గూటి అడుగుకు గుచ్చి, ఒళ్లంతా గడగడలాడిస్తుంది. కుట్టుమిషన్ నడిచినట్టే ఉంటుంది. చూసేవాళ్లకు గుండె జారిపోతుంది. నిజానికి అది గూటి శుభ్రం. గూడు అడుగున ఈగల లార్వాలు, గోమార్లు, పురుగులు చేరి రాత్రిళ్లు పిల్లల రక్తం పీలుస్తాయి. తల్లి వాటిని కదిలించి ఏరుకుంటుంది, పనిలో పనిగా గూడు గుల్లబారుతుంది, ముద్దకట్టదు.

దీనికి తోడు ఇంకొకటి: "తల్లి పిల్లల రెట్ట తింటోంది, ఇన్‌ఫెక్షన్ వస్తుందేమో". చిన్న పిల్లల రెట్ట పలచటి జిగురు సంచిలో చుట్టుకుని వస్తుంది. తొలి రోజుల్లో పెద్దవి దాన్ని మింగేస్తాయి, తర్వాత ముక్కున కరచుకుని దూరంగా పారేస్తాయి. గూడు పొడిగా ఉండటానికీ, వాసనకు శత్రువులు రాకుండా ఉండటానికీ ఇదే మార్గం. మేత పెట్టగానే పిల్ల వెనక్కి తిరిగి తోక ఎత్తడం కనిపిస్తే అది దీనికోసమే.

అపోహ: బక్కపిల్లకు మేత పెట్టడం లేదు, మనం కాపాడాలి

తల్లిదండ్రులు లెక్కవేసి పంచవు. ఎవరు ఎక్కువగా నోరు చాచి, మెడ ఎత్తి, గట్టిగా అరిస్తే వారి నోట్లోనే పడుతుంది. కడుపు నిండిన పిల్ల వెనక్కి తగ్గుతుంది, అప్పుడు తర్వాతి ఆకలిగొన్న పిల్ల ముందుకొస్తుంది. మేత పుష్కలంగా ఉంటే ఈ పద్ధతిలో అందరికీ అందుతుంది. కరువైతే చిన్నది మిగలదు. చూడటం కష్టమే, నాకూ ఇప్పటికీ అలవాటు కాలేదు. కానీ ఆ ఒక్కదాని కోసం పెట్టెలో చెయ్యి పెడితే మిగతావాటికీ ప్రమాదమే. ఇంట్లోని చిన్నపిల్లలతో కలిసి చూసేవాళ్లు, ఇలా జరగొచ్చని వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. చనిపోయినదాన్ని చిన్నదైతే పెద్దవి బయటికి మోసేస్తాయి, లేదంటే గూటి పీచులో కప్పబడిపోతుంది.

సాయం చేయాలనుంటే తోటలో పురుగుమందు కొట్టడం ఆపండి. పెట్టె పక్కన గింజలు పెట్టడం కన్నా అది ఎన్నో రెట్లు మేలు. పెద్ద పిచ్చుకలు గింజలు తిన్నా, పుట్టిన తొలి రోజుల్లో పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగులే, పెరగడానికి కావాల్సిన ప్రొటీన్ అందులోనే ఉంది. గ్రేట్ టిట్‌లైతే గొంగళి పురుగుల కోసం రోజుకు వందలసార్లు తిరుగుతాయి. పైగా పెట్టె పక్కనే గింజలుంటే ఉడుతలూ కాకులూ దారి కనుక్కుంటాయి.

అపోహ: రంధ్రం ముందు పిట్ట నిలబడటానికి పుల్ల ఉండాలి

అక్కర్లేదు. గోడ పట్టుకుని లోపలికి దూరడం వాటికి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ పుల్ల ఉపయోగపడేది వేటాడే వాటికే. దానికి బదులు రంధ్రం కొలత చూసుకోండి: బ్లూ టిట్‌కు 25 మిల్లీమీటర్లు, గ్రేట్ టిట్‌కు 28, పిచ్చుకకు 32, గోరింకల కుటుంబానికి చెందిన స్టార్లింగ్‌కు 45.

అపోహ: మొదటి ఏడాది పిట్ట రాలేదు, చోటు మంచిది కాదు

ఒకటి రెండు సీజన్లు ఖాళీగా ఉండటం మామూలే. రోజూ చోటు మారుస్తూ పోతే ఎప్పటికీ రాదు. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడుతుంటే మాత్రం మార్చండి.

అపోహ: ఏటా వచ్చేది అదే జంట

కాలికి రింగు లేకపోతే ఎవరూ చెప్పలేరు. గ్రేట్ టిట్‌లలో పెద్దవాటిలో కూడా సగానికి సగం ఏడాది తిరిగేసరికి చనిపోతుంటాయి. ఇక "ఆదర్శ దంపతులు" అని వీడియోలకు పేర్లు పెట్టేవాళ్లు కొంచెం ఆగాలి. చాలా చిన్న పిట్టల గూళ్లలో డీఎన్‌ఏ పరీక్షలు చేస్తే, కొన్ని పిల్లలకు తండ్రి పక్క తోట మగపిట్ట అని తేలింది.

అపోహ: ఎగిరిన పిల్లలు సాయంత్రానికి పెట్టెలోకి తిరిగొస్తాయి

రావు. ఒక ఉదయం తల్లి మేత తెచ్చి కూడా లోపలికి రాకుండా బయటే పిలుస్తుంటే ఆ రోజు వచ్చిందని అర్థం. ఒక్కొక్కటీ గోడ పట్టుకుని పైకెక్కి రంధ్రంలోంచి దూకేస్తుంది. అందుకే లోపలి చెక్కను రంధ్రం కింద గరుకుగా ఉంచాలి, నునుపుగా రందా పడితే పిల్లలు ఎక్కలేవు. ఆ తర్వాత కొన్నాళ్లు పెద్దవి పొదల్లోనే వాటికి మేత పెడతాయి. నేల మీద ఈకలొచ్చిన పిల్ల కనిపిస్తే ఇంట్లోకి తేవద్దు. పిల్లి భయం ఉంటే దగ్గర్లోని కొమ్మ మీద పెట్టి దూరంగా జరగండి.

పెట్టె ఖాళీ అయిన రోజే ఊడ్చేయడానికి తొందరపడొద్దు. పిచ్చుకలు ఒకే సీజన్‌లో రెండు మూడుసార్లు పిల్లల్ని చేస్తాయి, అదే పెట్టెలో మళ్లీ గుడ్లు పెట్టొచ్చు. సీజన్ ముగిసి, కొన్ని వారాలుగా కెమెరాలో ఎవరూ కనిపించకపోతే పాత గూడు తీసేయండి. కెమెరా విప్పి పక్కన పెట్టి, చెక్కను మరిగే నీళ్లతో కడిగి, పూర్తిగా ఎండనివ్వండి. మందులేమీ చల్లొద్దు. తిరిగి బిగించేముందు లెన్స్ మీది సాలెగూడు తుడవండి, ఫోకస్ మళ్లీ ఆ చెక్కముక్క మీద సరిచూసుకోండి.